నలభై మూడు కమిటీల ఈదమ్మ

మా గుండ్లకమ్మ విశ్వవిద్యాలయంలో వైవిధ్యం కొరవడిందని పైనుంచి ఉత్తరం వచ్చేదాకా ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. నానా ఊళ్లవాళ్లం, నానా రకాలవాళ్లం ఒకే క్యాంటీనులో కూర్చుని ఒకే నీళ్ల సాంబారును సమానంగా తిట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్నాం. నేను రిజిస్ట్రారు ఆఫీసులో సూపరింటెండెంటుని. పేరు కోదండం. ఈ కథలో జరిగిన తప్పులన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి కాబట్టి ముందే ఒప్పుకుంటే ఒక పని అయిపోతుంది.

ఆ ఉత్తరం ఆగస్టులో ఒక సోమవారం వచ్చింది. ఇకమీదట విశ్వవిద్యాలయాలకు ‘వైవిధ్య సమ్మిళిత సూచిక’ ప్రకారం గ్రేడు ఇస్తారట. కింద పన్నెండు గడుల పట్టిక జతచేశారు. మహిళలకొక గడి, గిరిజనులకొకటి, దివ్యాంగులకొకటి, పల్లెటూరివాళ్లకొకటి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకొకటి. అలా పోగా పోగా పదకొండో గడి ఎడమచేతి వాటం వాళ్లది. ప్రతి కమిటీలోనూ పన్నెండు గడులూ నిండాలి. నిండని కమిటీ అసలు కమిటీయే కాదు, దాని తీర్మానాలు చెల్లవు. నవంబరులో పరిశీలక బృందం స్వయంగా వచ్చి చూస్తుంది.

మా వైస్ ఛాన్సలర్ ఆచార్య చక్రధరరావుగారు ఆ మధ్యాహ్నమే అందరినీ తన గదిలో కూర్చోబెట్టారు.

“పోయినేడు మనకు ‘సి’ వచ్చింది. ఆ ‘సి’ పుణ్యమా అని విశాఖ సదస్సులో నన్ను స్తంభం వెనక కూర్చోబెట్టారు. ఈసారి ‘ఏ’ రావాలి. సమ్మిళితం కానిదాన్ని సమ్మిళితం చెయ్యండి. అయినదాన్ని మళ్లీ చెయ్యండి” అన్నారు.

ఈ మహత్కార్యానికి నోడల్ అధికారిగా మేనేజ్‌మెంట్ విభాగం డాక్టర్ శశిభూషణ్‌ను వేశారు. ఒంగోలు ఎండలో కూడా మెడకు టై కట్టుకుని తిరిగే మనిషి. ఆయన లేచి, “సార్, మన దగ్గర కమిటీలు నలభై మూడు. కమిటీకి కుర్చీలు ఏడు. ఏడు కుర్చీల్లో పన్నెండు గడులు ఇమడాలంటే ఒక్కొక్క మానవ వనరు బహుళ గడులను సంతృప్తిపరచాలి. మనం తక్షణం బహుగడి వ్యక్తులను గుర్తించాలి” అన్నాడు.

వీసీగారు తలాడించారు. అందరం తలాడించాం. ఆడించని తలలేవో నేను మినిట్సులో రాసుకోవాలి కదా మరి.

బహుగడి వ్యక్తి మూడో రోజున తనంతట తానే నా కిటికీ దగ్గరికి వచ్చింది. సన్నగా, నల్లగా ఉన్న అమ్మాయి. రెండు చంకల్లో కర్రలు. కుడికాలు మోకాలి కింద లేదు. కర్రలు గోడకు ఆనించి, ఎడమచేత్తో ఒక అర్జీ తీసి నాకిచ్చింది.

“నా పేరు కుడుముల ఈదమ్మ సార్. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడు. మా క్లాసు రెండో అంతస్తులో ఉంది. నలభై ఆరు మెట్లు. ఎక్కేసరికి పావుగంట పడతంది, దిగేసరికి ఇంకో పావుగంట. క్లాసు కిందికి మార్పించమని రాశా.”

“లిఫ్టు ఉంది కదమ్మా ఆ భవనంలో?”

“లిఫ్టు గుంట ఉంది సార్. దాన్లో పాత జవాబు పత్రాలు పోశారు.”

నిజమే. తొమ్మిదేళ్ల కిందట లిఫ్టు మంజూరైంది. లిఫ్టు వచ్చేలోగా గుంట ఖాళీగా ఉంటే బాగుండదని పరీక్షల విభాగం వాళ్లు వాడుకుంటున్నారు. ఆ అనుమతి కాగితం కూడా నేనే రాశాను.

అర్జీ చదువుతుండగా నా భుజం మీదుగా శశిభూషణ్ తల వంచి చూశాడు. చూసి, ఊపిరి బిగబట్టాడు.

“ఏ ఊరమ్మా?”

“దోర్నాల దగ్గర గూడెం సార్. చెంచులం.”

“మీ నాన్నగారు చదువుకున్నారా?”

“ఐదు దాకా.”

“హాస్టల్లో ఉంటావా?”

“ఉంటా సార్.”

ఆయన వేళ్లు లెక్కపెడుతున్నాయి. మహిళ, గిరిజన, దివ్యాంగ, గ్రామీణ, మొదటి తరం, హాస్టల్. ఆరు. “ఇక్కడ సంతకం పెట్టమ్మా” అని పెన్ను ఇచ్చాడు. ఈదమ్మ ఎడమచేత్తో సంతకం పెట్టింది. శశిభూషణ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏడు! కోదండంగారూ, ఒక్క మనిషిలో ఏడు గడులు! ఈ అమ్మాయి వ్యక్తి కాదండీ, వ్యవస్థ!”

“నా అర్జీ సంగతేంది సార్?” అంది ఈదమ్మ.

వారం తిరిగేలోగా ఈదమ్మ నలభై మూడు కమిటీల్లో సభ్యురాలైంది. నలభై మూడు ఉత్తర్వులు నేనే టైపు చేయించాను. పాముల నివారణ కమిటీ, సన్మాన శాలువాల ఎంపిక కమిటీ, ఈతకొలను పర్యవేక్షణ కమిటీ. మాకు ఈతకొలను లేదు. దాని మీద పర్యవేక్షణ మాత్రం మొదటినుంచీ ఉంది.

ఆమె అర్జీని నియమం ప్రకారం, దివ్యాంగుల రాకపోకల ఇబ్బందులు చూసే సుగమ్యతా కమిటీకి పంపాం. అందులోనూ ఆమె సభ్యురాలే. ఆ కమిటీ పరిపాలనా భవనం మూడో అంతస్తులో సమావేశమైంది. ఈదమ్మ రెండో అంతస్తు చేరేసరికి సమావేశం ముగిసి టీలు కూడా అయిపోయాయి. మినిట్సు ఇలా రాశాను: “మెట్ల వలన ఇబ్బంది కలుగుచున్నదని అర్జీదారు తెలిపియున్నారు. అయితే సదరు అర్జీదారు సమావేశమునకు హాజరు కానందున ఇబ్బంది నిరూపణ కాలేదు. అర్జీ వాయిదా వేయడమైనది.”

రాసేటప్పుడు నాకు అందులో తేడా ఏమీ కనపడలేదు. వాక్యం మట్టుకు బాగా కుదిరిందనుకున్నాను.

సెప్టెంబరులో వైవిధ్యం క్యాంపస్ అంతా పాకింది. క్లాసుల్లో బెంచీకి ముగ్గురు కూర్చుంటే ముగ్గురూ మూడు రకాలుగా ఉండాలన్నారు. చిన్ననాటి స్నేహితులు ఇద్దరు పక్కపక్కన కూర్చున్నందుకు సంజాయిషీ నోటీసు అందుకున్నారు. క్రికెట్ జట్టులో క్రికెట్ రానివాళ్లకు ప్రాతినిధ్యం లేదని ఒక పరిశీలన వచ్చింది. నలుగురిని చేర్చారు. జట్టు పక్క కాలేజీ మీద పద్దెనిమిది పరుగులకు ఆలౌటై తిరిగివస్తే, వీసీగారు గేటు దగ్గర ఎదురెళ్లి దండలు వేశారు. “ఓటమిలో కూడా అందరికీ సమాన భాగం దక్కింది” అన్నారు. క్యాంపస్ కుక్కలన్నీ గోధుమరంగువే అని శశిభూషణ్ బెంగపెట్టుకున్నాడు. టంగుటూరు నుంచి రెండు నల్లవీ, ఒక మచ్చలదీ తెప్పించారు. అవి దిగిన గంటకే పాతవాటితో కలబడి, ముగ్గురు అధ్యాపకులను కరిచాయి. ఆ ముగ్గురూ మూడు విభాగాలవాళ్లు కావడం కొంత ఊరట.

వీటన్నిటి మధ్యా ఈదమ్మ తిరుగుతూనే ఉంది. రోజుకు నాలుగైదు సమావేశాలు. ఆమె వస్తేగాని కోరం లేదు. ఆమె కర్రల చప్పుడు కోసం డీన్లు చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్లు. ఒకరోజు ఆమె చెమటలు కక్కుతూ మా వరండాలో కూలబడితే మంచినీళ్లు ఇచ్చాను.

“ఎక్కడినుంచమ్మా?”

“మగపిల్లల హాస్టల్లో గడ్డం గీసుకునే అద్దాలు ఎంత ఎత్తులో ఉండాలనీ సార్. ఉపకమిటీ. రెండు గంటలు మాట్లాడారు.”

“నువ్వేం చెప్పావు?”

“నాకు గడ్డం లేదని చెప్పా సార్. శశిభూషణ్ సారు దాన్ని విలువైన భిన్నాభిప్రాయం అని రాసుకున్నారు.”

నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ పూట ఆమెకు స్టాటిస్టిక్స్ క్లాసు ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

తర్వాత ఫోటో వచ్చింది. మెయిన్ గేటు మీద ముప్పై అడుగుల ఫ్లెక్సీ పెట్టాలని నిర్ణయించి, శశిభూషణ్ ఒంగోలులో నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి ఈకల కిరీటం, పూసల దండలు, ఒక బల్లెం తెప్పించాడు. ఈదమ్మ వాటిని చూసి, “ఇవెందుకు సార్?” అంది.

“మీ సంస్కృతి కనపడాలి కదమ్మా.”

“మా నాన్న రేషను డిపోలో గుమస్తా సార్. జేబులో పెన్ను పెట్టుకుంటాడుగానీ తలలో ఈక పెట్టుకోడు. నాన్నను కన్న మా జేజి అడవికి పోయేటప్పుడు కూడా తలకు గుడ్డే చుట్టేది.”

“అర్థం చేసుకోమ్మా. నువ్వు మామూలుగా ఉంటే నువ్వు వేరని చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?”

ఆమె పెట్టుకోనంది. చివరకు ఆమె ముఖాన్ని కమిటీ గ్రూపు ఫోటోలోనుంచి కత్తిరించి, ఈకలున్న ఇంకెవరిదో శరీరానికి అతికించారు. ఆ శరీరానికి రెండు కాళ్లున్నాయి. దివ్యాంగ గడి కనపడటం లేదని వీసీగారు అభ్యంతరం చెబితే ఒక కాలు చెరిపారు. తొందరలో ఎడమది చెరిపారు.

అక్టోబరు చివర్లో స్టాటిస్టిక్స్ విభాగాధిపతి గఫూర్ మాస్టారు నోటీసు బోర్డు మీద హాజరు పట్టిక అంటించారు. గఫూర్ మాస్టారు అంటే క్యాంపస్‌లో అందరికీ హడల్. తుఫాను రోజున కూడా ఇద్దరు పిల్లలు వస్తే ఇద్దరికే పాఠం చెప్పిన మనిషి. నూట ఇరవై క్లాసులకు ఈదమ్మ హాజరు నలభై తొమ్మిది. నూటికి డెబ్బై ఐదు ఉంటేగాని హాల్ టికెట్ రాదు.

ఆమె ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఏదో ఫైలు పట్టుకుని అక్కడే ఉన్నాను.

“సార్, నేను ఎగ్గొట్టి యాడికీ పోలా. కమిటీల్లోనే ఉన్నా.”

“తెలుసమ్మా. కావాలంటే నీకు హాజరు వేసేస్తాను, నాదేం పోయింది? వేస్తే సంభావ్యతా సిద్ధాంతం వస్తుందా నీకు?”

“రాదు సార్.”

“మరి?”

“నాకు హాజరు వద్దు సార్. పాఠం కావాలి.”

గఫూర్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

నేను కిందికి దిగుతుంటే ఈదమ్మ మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. కర్రలు పక్కన పడేసి ఉన్నాయి. ఏడవడం లేదు. గోడవైపు చూస్తోంది.

“ఏడాది పోతే హాస్టల్ సీటు పోద్ది సార్. సీటు పోతే నేను గూడేనికి పోవాల్సిందే. పోతే మళ్లా రాలేను. మా గూడెంలో పీజీకి వచ్చింది నేనొక్కదాన్నే. నన్ను చూసి మా చెల్లెలు ఇంటర్‌లో చేరింది.” కర్రలు దగ్గరికి లాక్కుని, “ఎనభై మూడు మందిని దాటుకుని ఈ సీటు తెచ్చుకున్నా సార్, మెరిట్‌లో. దానికి గడి లేదు గదా?” అంది.

మెరిట్‌కు గడి లేదు. నేను పట్టిక కంఠతా పట్టినవాణ్ణి, నాకు తెలుసు. ఆ మెట్టు మీద నిలబడి ఉంటే సుగమ్యతా కమిటీ మినిట్సులో నేను రాసిన ఆ కుదిరిన వాక్యం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

హాజరు తక్కువైనవాళ్ల సంగతి చూడటానికి మినహాయింపుల కమిటీ ఉంది. ఆమె కేసు అక్కడ పెట్టించాను. ఆ కమిటీలో ఈదమ్మ సభ్యురాలు. తన కేసులో తానే కూర్చోకూడదు కాబట్టి ఆమెను బయటికి పంపారు. ఆమె బయటికి వెళ్లగానే ఏడు గడులు ఖాళీ అయి కమిటీ చెల్లకుండా పోయింది. చెల్లని కమిటీ ఆమెను లోపలికి పిలిచింది. పిలవగానే కమిటీ చెల్లింది గానీ కేసు చెల్లలేదు. సాయంత్రం దాకా ఆమె గడప లోపలికీ బయటికీ పదకొండు సార్లు తిరిగింది.

మర్నాడు ఆమె రాజీనామా రాసుకుని నేరుగా వీసీగారి దగ్గరికే వెళ్లింది. నేను వెంట వెళ్లాను. వీసీగారి గది కింది అంతస్తులోనే, విశాలంగా, చల్లగా ఉంటుంది. ఆయన రాజీనామా చదివి ఉలిక్కిపడ్డారు.

“అమ్మా, నువ్వు తప్పుకుంటే నలభై మూడు కమిటీలు కూలిపోతాయి. ఆగస్టు నుంచి చేసిన తీర్మానాలన్నీ రద్దవుతాయి. నా పదవీకాలం పొడిగించమని సిఫార్సు చేసిన కమిటీ కూడా వాటిలో ఉంది. సమ్మిళితం చేయబడిన వ్యక్తికి సమ్మిళితం నుంచి వైదొలిగే హక్కు విశాల ప్రయోజనాల దృష్ట్యా ఉండదు.”

“నా చదువు సార్?”

“చదువు వ్యక్తిగతం తల్లీ. ప్రాతినిధ్యం సామాజికం.”

ఈదమ్మ కర్రలు తిప్పుకుని బయటికి నడిచింది. తిరిగి వస్తూ వరండాలో నన్నడిగింది: “సార్, ఈ కమిటీల రూల్సు పుస్తకం ఒకసారి ఇస్తారా?”

ఇచ్చాను. రెండు వందల పేజీల పుస్తకం, అప్పటిదాకా ఎవరూ అడగనిది. రెండు రోజులు మా ఆఫీసు బల్ల మీద కూర్చుని, పరీక్షకు చదివినట్టు చదివింది. శుక్రవారం మధ్యాహ్నం పుస్తకం తెరిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“పదిహేడో నియమం చూడండి సార్.”

చూశాను. “దివ్యాంగ సభ్యులు గల కమిటీల సమావేశ స్థలమును, సమయమును, కాలపరిమితిని, ప్రత్యేక ఆహ్వానితులను సదరు సభ్యుల సౌకర్యార్థము వారే నిర్ణయింతురు. నోటీసును సూపరింటెండెంటు తక్షణము జారీచేయవలెను.” పట్టికలో ఒక గడి నింపడానికి వేరే విశ్వవిద్యాలయం పుస్తకం నుంచి నేనే మక్కీకి మక్కీ ఎత్తిరాసిన నియమం. దాన్ని ఎవరైనా వాడతారని నాకు కల్లో కూడా తోచలేదు.

ఆమె ఒక కాగితం నా ముందు పెట్టింది. “లెక్క వేశా సార్. ఇకనుంచి ఒక్కటి కూడా పోకుండా నూట అరవై నాలుగు గంటలు క్లాసులో కూర్చుంటే రెండు వందల ఎనభై నాలుగుకు రెండు వందల పదమూడు. సరిగ్గా డెబ్బై ఐదు. రోజుకు ఆరు గంటల చొప్పున ఇరవై ఏడు రోజులు, ఇరవై ఎనిమిదో రోజు రెండు గంటలు. పరీక్షలకు పనిరోజులు ముప్పై ఉన్నాయి.”

“మరి కమిటీలు?”

“నలభై మూడూ ఒకేసారి పెడతన్నా సార్. సోమవారం నుంచి ఇరవై ఎనిమిది రోజులు, పొద్దున తొమ్మిదిన్నరకు. స్థలం వీసీగారి గది. మెట్లు లేవు. ప్రత్యేక ఆహ్వానితులు గఫూర్ సారూ, మా క్లాసులో మిగతా ఎనిమిది మందీ.”

సోమవారమే పరిశీలక బృందం వచ్చేది. రివాజు ప్రకారమైతే ఈ కాగితాన్ని వీసీగారి దగ్గర పెట్టి, ఆయన ఏమంటే అది చెయ్యాలి. ‘తక్షణము’ అన్న మాటకు మా ఆఫీసులో ఆర్నెల్లు అని అర్థం. గోడమీద గడియారం చూశాను. మూడున్నర. ఆ అమ్మాయి రెండు కర్రల మీదా బరువు మోపి నిలబడే ఉంది.

“కూర్చోమ్మా” అని, ముద్ర తీసి, నలభై మూడు నోటీసుల మీదా వరసగా కొట్టాను.

సోమవారం పొద్దున వీసీగారు వచ్చేసరికి ఆయన గదిలో గఫూర్ మాస్టారు ఉన్నారు. “గది ఏదైనా నాకొకటే, బోర్డు మాత్రం ఉండాలి” అని, గోడ మీదున్న వీసీగారి నిలువెత్తు చిత్రపటం దింపించి ఆ మేకుకే నల్లబల్ల తగిలించారు. ముందు వరసలో ఈదమ్మ, ఆమె క్లాసు పిల్లలు. వెనక సోఫాల్లో, నేలమీద, కిటికీ గట్టుమీద నలభై మూడు కమిటీల డీన్లు, డైరెక్టర్లు.

“ఏమిటిది?” అన్నారు వీసీగారు.

“సమావేశం సార్. తమరు పంతొమ్మిది కమిటీలకు అధ్యక్షులు” అని నోటీసు చూపించాను. చదివారు. రద్దు చెయ్యమనబోయారు. రద్దు చేస్తే నియమం తప్పుతుంది, కమిటీలు చెల్లవు, గేటు దగ్గర పరిశీలకుల కారు హారన్ కొడుతోంది. చివరకు వెళ్లి రెండో వరసలో శశిభూషణ్ పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

గఫూర్ మాస్టారు పాఠం మొదలుపెట్టారు. నేను మినిట్సు రాశాను: “అజెండా: పాయిజాన్ విభాజనం. చర్చ: సుదీర్ఘం. తీర్మానం: రుజువైనది కావున ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.”

మధ్యలో మాస్టారు సుద్దముక్క శశిభూషణ్ వైపు చూపి, “టై కట్టుకున్నాయన, మీరు చెప్పండి. దీని సగటు లాంబ్డా అయితే విస్తృతి ఎంత?” అన్నారు.

శశిభూషణ్ లేచి నిలబడ్డాడు. “స్థూలంగా చూస్తే సార్, ఇందులో భాగస్వామ్య పక్షాలన్నిటినీ పరిగణనలోకి...”

“కూర్చోండి. అమ్మాయ్, నువ్వు?”

“అదీ లాంబ్డానే సార్” అంది ఈదమ్మ.

ఆ క్షణంలోనే పరిశీలక బృందం గుమ్మంలో నిలబడింది. అధ్యక్షురాలు బరంపురంలో పుట్టిన మనిషి, తెలుగు చక్కగా వచ్చు. గదంతా కలయజూసి, “వైస్ ఛాన్సలర్ ఎక్కడ?” అని అడిగారు.

రెండో వరసలోనుంచి వీసీగారు చెయ్యెత్తారు.

ఆమె ముందుకు వచ్చి ఈదమ్మ పక్కన ఒంగి, “ఈ విశ్వవిద్యాలయంలో నీకు బాగా నచ్చిందేమిటమ్మా?” అన్నారు.

“ఈ గదికి మెట్లు లేవు మేడమ్.”

వీసీగారు చటాక్కున లేచారు. “మెట్లు లేవు అనడంలో ఆ అమ్మాయి భావం ఏమిటంటే మేడమ్, ఇక్కడ హెచ్చుతగ్గుల అంతరాలు లేవని!”

“కాదు సార్, మెట్లే” అంది ఈదమ్మ.

అధ్యక్షురాలు ఇద్దరివైపూ మార్చి మార్చి చూసి, పుస్తకంలో చాలాసేపు ఏదో రాసుకున్నారు. నాకైతే అంతా అయిపోయిందనిపించింది.

పది రోజులకు నివేదిక వచ్చింది. మాకు ‘ఏ’ గ్రేడు. “తన సొంత గదిని తరగతికి అప్పగించి, తాను విద్యార్థులతో సమానంగా కూర్చున్న వైస్ ఛాన్సలర్‌ను మేము ఇంతవరకు చూడలేదు. ఈ ఆదర్శ ఏర్పాటు శాశ్వతంగా కొనసాగాలి. మార్చిలో ఆకస్మిక తనిఖీకి వస్తాము” అని రాశారు. వీసీగారు మొదటి వాక్యం చదివి పొంగిపోయారు. రెండోది చదివి కుర్చీ కోసం వెతుక్కున్నారు. అప్పటికి ఆ గదిలో ఆయనకు కుర్చీ లేదు.

క్యాంపస్‌లో ఖాళీగా ఉన్న పెద్ద గది ఒక్కటే మిగిలింది. స్టాటిస్టిక్స్ వాళ్లు ఖాళీచేసిన రెండో అంతస్తు క్లాసు. వీసీగారి బల్ల, సోఫాలు, చిత్రపటం అన్నీ అక్కడికి ఎక్కించారు. వీసీగారిది మోకాళ్ల నొప్పి. మొదటి రోజు రెండుచోట్ల ఆగారు. రెండో రోజు నాలుగుచోట్ల ఆగి, “కోదండంగారూ, ఇవి ఎన్ని మెట్లయ్యా?” అన్నారు.

“నలభై ఆరు సార్.”

“ఎవరూ ఇంతవరకు ఈ విషయం నా దృష్టికి తేలేదేం?”

“సుగమ్యతా కమిటీలో వాయిదాలో ఉంది సార్.”

ఆ సాయంత్రానికల్లా లిఫ్టు గుంటలోని జవాబు పత్రాలు ఖాళీ అయ్యాయి. తొమ్మిదేళ్లు కదలని ఫైలు పదకొండు రోజుల్లో కదిలి, లిఫ్టు వచ్చి నిలబడింది. ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరించడానికి ఈదమ్మను పిలిస్తే క్లాసు ఉందని రాలేదు.

ఇరవై ఎనిమిది రోజులూ ఆమె ఒక్క గంట పోగొట్టుకోలేదు. డీన్లు కూడా కదల్లేక రోజూ కూర్చున్నారు. నెల తిరిగేసరికి వాళ్లలో ఇద్దరికి నిజంగానే సంభావ్యత అర్థమైంది. హాల్ టికెట్ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. “డెబ్బై ఐదు, సరిగ్గా” అన్నాను. “అంతేగా సార్, లెక్క” అంది. పరీక్షల్లో క్లాసులో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం రానందుకు గఫూర్ మాస్టారు వారం రోజులు ఆమెతో ముభావంగా ఉన్నారట.

జనవరిలో మా ‘ఏ’ గ్రేడు సంగతి నలుమూలలా పాకింది. ఒకే వారంలో ఏడు విశ్వవిద్యాలయాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాళ్ల దగ్గరికీ పరిశీలక బృందాలు వెళ్తున్నాయట. మీ సభ్యురాలు కుమారి ఈదమ్మను మా కమిటీలకు కొద్దికాలం డిప్యుటేషన్ మీద పంపగలరా అని అందరి వినతి. వీసీగారు లిఫ్టులో దిగి స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

“కోదండంగారూ, ఇది మన సంస్థకు దక్కిన గౌరవం. ఆ అమ్మాయిని మన సమ్మిళిత రాయబారిగా ప్రకటిద్దాం. కారు ఇద్దాం. ముందు నాలుగు రాష్ట్రాలు తిప్పి తీసుకురావచ్చు. మీరు వెళ్లి ఎప్పుడు బయలుదేరుతుందో కనుక్కోండి.”

వెళ్లాను. పాత వీసీ గది తలుపు ఓరగా తీసి ఉంది. ఈదమ్మ బోర్డు దగ్గర, ఒక కర్ర చంకలో పెట్టుకుని, ఎడమచేత్తో లెక్క చేస్తోంది. గఫూర్ మాస్టారు పిల్లల మధ్య కూర్చుని తప్పెక్కడ దొరుకుతుందా అని చూస్తున్నారు. మూడు వరసలు రాసి, నాలుగో వరసలో ఆగి, తుడిపేసి, మళ్లీ మొదలుపెట్టింది. నన్ను చూసి సుద్ద ఆపింది.

“ఏంది సార్?”

“ఏం లేదమ్మా. కానియ్యి” అని తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

వీసీగారు నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. “ఏమంది?”

“ఖాళీగా లేదు సార్. క్లాసులో ఉంది.”

“ఎప్పుడు ఖాళీ అవుతుందట?”

“అడగలేదు సార్” అన్నాను.